తబిత పుట్టిల్లు

"మొదటి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి కాక ఇంకెక్కడికి వెళ్తుందమ్మా? నువ్వే చెప్పు. నేనూ అదే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా? రాశాను. రాసి కింద సంతకం కూడా పెట్టాను."

ఆ మాట అంటూ హైమవతి గారు మోకాలి మీది ఐసు సంచీని పక్కకి విసిరినంత పని చేశారు. రేవతి అప్పుడే తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. చేతిలోని దోసకాయ పప్పు గిన్నె ఇంకా బల్ల మీద పెట్టనైనా లేదు. ఎవరి కాన్పు, ఎవరి పుట్టిల్లు అని అడగబోయి ఆగింది. ఆవిడ దగ్గర అడిగితే సగమే తెలుస్తుంది, ఊరికే కూర్చుంటే అంతా తెలుస్తుంది. ఆరేళ్ళ పరిచయంలో ఆ కిటుకు రేవతికి పట్టుబడింది.

ఢిల్లీ మయూర్ విహార్‌లో ఆ సొసైటీ ఫ్లాట్లు కట్టిన కొత్తల్లోనే హైమవతి గారు మూడో అంతస్తులో చేరారు. రేవతి వాళ్ళది సరిగ్గా కింది ఫ్లాటు. భర్త పొద్దున్నే మెట్రో ఎక్కి గుడ్‌గావ్ పోతే చీకటి పడ్డాక గాని రాడు. కడప నుంచి వచ్చిన కొత్తలో రేవతికి హిందీ ముక్క వచ్చేది కాదు. కూరగాయల బండి దగ్గర నిలబడి, పార్కులో ముసలమ్మల పక్కన కూర్చుని, విని విని నేర్చుకుంది. మూడు వారాల కిందట హైమవతి గారికి మోకాలి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి పదకొండింటికి ఏదో ఒకటి వండి పైకి తీసుకెళ్ళడం, ఆవిడ చేత పదిసార్లు కాలు మడిపించి చాపించడం, ఈలోపల ఆవిడ చెప్పేదంతా వినడం దినచర్య అయిపోయింది.

ఆ రోజు కాలు రెండోసారి మడిచి అక్కడే ఆపేశారు.

"కాన్పు ఎవరికి ఆంటీ?" అని చివరికి రేవతే అడిగింది.

"తబితకి."

రేవతికి తెలిసినవాళ్ళలో తబిత ఎవరూ లేరు. "ఎప్పుడు?" అంది.

"పదిహేడు వందల ఎనభై ఒకటి, ఫిబ్రవరి పదకొండు."

రేవతి గిన్నె బల్ల మీద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

హైమవతి గారిది రేపల్లె. తండ్రి తాలూకాఫీసులో గుమస్తా. బి.ఏ. అయిన ఏడాది స్నేహితురాలికి తోడుగా రాసిన ఉద్యోగ పరీక్షలో స్నేహితురాలు తప్పి ఈవిడ పాసయ్యారు. అలా ఎనభై ఆరులో ఢిల్లీ వచ్చి ఒక మంత్రిత్వ శాఖలో చిన్న గుమస్తాగా చేరారు. వేసింది రికార్డు సెక్షన్‌లో. అక్కడికి పంపడమంటే శిక్ష వేయడమని ఆఫీసులో అందరి లెక్క. దుమ్ము, బొద్దింకలు, ఎర్రగుడ్డల్లో మూటగట్టిన ఫైళ్ళు. ఈవిడకి మాత్రం అదే నచ్చింది. మూట విప్పితే ఎవరో ఒకరి బతుకు లోపల ఉండేది. కుటుంబ పెన్షన్ కోసం అర్జీ పెట్టుకున్న విధవరాళ్ళు, పేరు తప్పు పడిందని మొరపెట్టుకున్న ప్యూన్లు. ఏ అధికారి రాత ఎలా ఉంటుందో, కోపంలో రాస్తే ఎవరి అక్షరం ఎటు వాలుతుందో ఆవిడకి కంఠతా వచ్చేసింది. ఎవరికీ అర్థంకాని చేతిరాత ఏదైనా వస్తే అండర్ సెక్రటరీ అంతటివాడు కూడా, హైమవతి మేడమ్‌కి చూపించండి అనేవాడట. ముప్పై ఏడేళ్ళు అదే మంత్రిత్వ శాఖలో పనిచేసి, సెక్షన్ ఆఫీసరుగా రెండేళ్ళ కిందట రిటైరయ్యారు. భర్త అంతకు ముందే పోయారు. కూతురు వైశాలి ఘాజియాబాద్‌లో ఉంటుంది, బ్యాంకు ఉద్యోగం. తల్లి తెలుగులో ఎంత మాట్లాడినా హిందీలోనే జవాబిస్తుంది.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని గోడలు చూడటం ఈవిడ వల్ల కాలేదు. నోయిడాలో ఒక కంపెనీ ఉంది. అమెరికా వాళ్ళకి వంశవృక్షాలు వెతికిపెట్టడం దాని పని. అక్కడెవరికో తన ముత్తాతకి ముత్తాత ఎవరో తెలుసుకోవాలని బుద్ధి పుడుతుంది. అక్కడి పాత కోర్టు కాగితాలు, వీలునామాలు, పన్నుల జాబితాలు ఫోటోలు తీసి పెట్టారు. అవి ఇక్కడ కంప్యూటర్‌లో తెరుచుకుంటాయి. ఇక్కడివాళ్ళు చదివి రిపోర్టు రాస్తారు. పాత చేతిరాత చదవగలిగేవాళ్ళు కావాలన్న ప్రకటన చూసి ఈవిడ వెళితే, పరీక్షగా ఒక కాగితం ఇచ్చారట. పక్కనున్న కుర్రవాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే ఈవిడ దినపత్రిక చదివినట్టు చదివేశారు. ఇంటి నుంచే పని చేసుకోవచ్చన్నారు.

ఆ పని దొరికినప్పటి నుంచీ ఆవిడకి సంతోషం ఎంతో, విసుగూ అంతే.

"మగవాడికి పొలం కొన్నా పేరుంటుంది, అమ్మినా ఉంటుంది, తాగి కొట్లాడి కోర్టుకెక్కినా ఉంటుంది," అని రేవతితో ఎన్నోసార్లు అన్నారు. "ఆడదానికి 'అతని భార్య' అని ఒక్క ముక్క. ఏ ఇంటి పిల్లో కనుక్కోవాలంటే బావిలో పాతాళగరిగె వేసి దేవినట్టు దేవాలి. చేదకి బదులు చెప్పులు పడతాయి."

తబిత కేసు ఆవిడ చేతికి వచ్చింది పోయిన వేసవిలో. అడిగిన మనిషి పేరు డోరతీ, ఎనభై నాలుగేళ్ళ పెద్దావిడ, కెంటకీలో ఉంటుంది. తబిత ఆవిడకి ఏడు తరాల కిందటి అవ్వ. రేపల్లెలో చర్చి వీధిలో తబిత టీచరని ఒకావిడ ఉండేదట, లెక్కలు చెప్పేది, పేరు చూడగానే హైమవతి గారికి ఆవిడ నీరుకావి చీర గుర్తొచ్చి, ఈ కేసు నాకివ్వండని అడిగి మరీ తీసుకున్నారు.

ఈ తబితకి మొగుడు జోసయ్య హార్ల్. కెంటకీ అంతా అడవిగా ఉన్న రోజుల్లో ఇద్దరూ కొండలు దాటి అక్కడికి వెళ్ళారు. ఆ అడవి అప్పటికే అక్కడి ఆదివాసులదని, ఆ సంగతి ఎవరి వంశవృక్షంలోనూ ఉండదని హైమవతి గారు మధ్యలో ఒక విసురు విసిరారు. తబితా జోసయ్యా అక్కడ చెట్లు కొట్టి గుడిసె వేసుకున్నారు. చుట్టుపక్కలవాళ్ళంతా తలదాచుకున్న కర్రల కోట మీద దాడి జరిగినప్పుడు తబిత ఇంట్లోని తగరపు పళ్ళేలు కరిగించి తూటాలు పోసిందని డోరతీ వాళ్ళింట్లో కథ. ఏడుగురు పిల్లలు. మొగుడు పోయాక ఏటి ఒడ్డున పడవ రేవు నడిపి పిల్లల్ని పెంచింది. ఎనభై దాటి బతికింది. ఇంత చేసినావిడ ఏ ఇంటి ఆడపడుచో మాత్రం ఒక్కరికీ తెలియదు. పొలంలో ఆవిడ సమాధి రాయి పగిలిపోయింది. అక్టోబరు రెండో శనివారం బంధువులంతా కలిసి కొత్త రాయి నిలబెడుతున్నారు. దాని మీద ఆవిడ తండ్రి పేరు ఉండాలి. డోరతీ కోరింది అదొక్కటే.

హైమవతి గారు వెతికారు. జోసయ్య సైన్యంలో పనిచేసినవాడు కాబట్టి అతను పోయాక తబిత పెన్షన్‌కి అర్జీ పెట్టుకుంది. ఆ అర్జీతో పాటు ఇంటి బైబిల్లోంచి చింపిన కాగితం ఒకటి జతచేసింది. అందులో పెద్దపిల్ల పుట్టుక రాసి ఉంది: కెజియా, ఫలానా తేదీ, శామ్యూల్ గాడిస్ ఇంట్లో. ఆ గాడిస్ ఇల్లు కొండలకి ఇవతల, కెంటకీకి రెండు వందల మైళ్ళ దూరంలో ఉంది. రెండు వందల మైళ్ళు వెనక్కి వెళ్ళి కనిందంటే అది పుట్టిల్లు కాక మరేమవుతుంది? సరే, గాడిస్ వీలునామా తీసి చూశారు. భార్య పేరు కెజియా అని ఉంది. పెద్దపిల్లకి అమ్మమ్మ పేరు పెట్టుకున్నారన్నమాట. పెళ్ళిళ్ళయిన నలుగురు కూతుళ్ళకి వాళ్ళ భాగాలు ముట్టాయని వీలునామాలో ఉంది గాని, ఆ నలుగురి పేర్లూ లేవు. నలుగురిలో ఒకతె తబిత. అంతా కుండలో నీళ్ళలా నిలకడగా ఉంది. శామ్యూల్ గాడిస్ కుమార్తె తబిత అని హైమవతి గారు రిపోర్టు రాశారు. నోయిడాలో పాసయింది. అమెరికాలో పాసయింది. కేసు మూసేశారు.

"మొదటి కాన్పు పుట్టింట్లో, మొదటి ఆడపిల్లకి అమ్మమ్మ పేరు," అన్నారు హైమవతి గారు. "రెండూ మనవేనమ్మా. తీసుకెళ్ళి ఆవిడకి తగిలించాను."

"మరి తప్పని ఎట్ల తెలిసింది ఆంటీ?"

తెలియకుండా ఉంటే బాగుండునన్నట్టు ఆవిడ ఒక చూపు చూసి, కాలు మూడోసారి మడిచారు.

కంపెనీ కంప్యూటర్‌లో ఏ కేసుకైనా ముఖ్యమైన పేజీలే కనబడతాయి. తబిత పెన్షన్ కాగితాలు మొత్తం నలభై మూడు పేజీలు, కనబడినవి పదకొండు. మిగిలినవి అనవసరమైన ఉత్తర ప్రత్యుత్తరాలని ఎవరో నిర్ణయించారు. ఆ మాట హైమవతి గారికి మొదటి నుంచీ గొంతులో ముల్లులా ఉంది. ఫైలంటే రెండు వైపులుంటాయి, ఒకవైపు అధికారులు రాసే నోట్‌షీటు, ఒకవైపు ఉత్తరాలు, రెండూ చదవనివాడు ఫైలు చూసినట్టు కాదని ముప్పై ఏడేళ్ళు కింది గుమస్తాలకి పాఠం చెప్పిన మనిషి ఆవిడ. తీరా తన దగ్గరికి వచ్చేసరికి, కుదిరిందన్న సంబరంలో సంతకం పెట్టేశారు. ఆపరేషనయ్యి మంచం మీద పడుకున్నాక తోచక మొత్తం ఫైలు కావాలని అర్జీ పెట్టారు. నిన్న మధ్యాహ్నం తెరుచుకుంది.

"పెన్షన్ ఆఫీసు వాడు అప్పుడు కూడా అబ్జెక్షన్ పెట్టాడు, తెలుసా? డెబ్భై ఏడేళ్ళ ముసలావిడని, నీకు పెళ్ళి ఎప్పుడయిందో రుజువు చూపించు అన్నాడు. మా ఆఫీసు వాళ్ళకి తాతలా ఉన్నాడు."

ఆ అబ్జెక్షన్‌కి జవాబుగా తబిత రెండోసారి కోర్టుకెళ్ళి ప్రమాణం చేసి చెప్పింది. అది ముప్పై ఒకటో పేజీ. గుమస్తా రాసుకున్న ఆ పేజీ హైమవతి గారు రేవతికి చదివి, తెలుగులో చెప్పారు. పెళ్ళయిన మరుసటి ఏడే పెద్దపిల్ల పుట్టింది గనక పెళ్ళి ఫలానా సంవత్సరమని నాకు గుర్తు. మేము కెంటకీకి దారిలో ఉండగా మంచు పడింది, నాకు నొప్పులు వచ్చాయి. శామ్యూల్ గాడిస్ అనే అతని ఇంటి తలుపు కొట్టాం. అంతకు ముందు మాకూ వాళ్ళకూ ముఖపరిచయం లేదు. అతని భార్య కెజియా నన్ను తన మంచం మీద పడుకోబెట్టి పురుడు పోసింది. పందొమ్మిది రోజులు ఉంచుకుంది. బిడ్డకి ఆమె పేరు పెట్టుకున్నాను.

రేవతి కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"ముఖపరిచయం లేదట," అన్నారు హైమవతి గారు. "నేనేమో తండ్రిని చేసి కూర్చోబెట్టాను."

పుట్టిల్లు ఎక్కడో ఆ నలభై మూడు పేజీల్లోనూ లేదు. పొద్దుటి నుంచి మూడు జిల్లాల పెళ్ళి రిజిస్టర్లు తిరగేశారు. వాటిలోనూ లేదు. దొరకలేదన్న బాధ కంటే దొరికిందని రాసిన బాధ ఆవిడని ఎక్కువ కోస్తోంది. అక్కడ రాయి చెక్కేవాడు ఈ నెలాఖరుకి ఉలి పట్టుకుంటాడు. ఇవాళ సెప్టెంబరు పది.

అప్పుడే ఫోను మోగింది. సాకేత్. నోయిడా ఆఫీసులో ఈవిడ మీది టీమ్ లీడరు, వరంగల్ అబ్బాయి, వైశాలి కంటే చిన్నవాడు. పొద్దున్న ఈవిడ పంపిన మెయిల్ చూసి చేస్తున్నాడు. హైమవతి గారు ఫోను స్పీకరులో పెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆంటీ, మళ్ళ అదే కేసా? అది క్లోజ్ అయింది గదా."

"క్లోజ్ అయింది నాయనా. తప్పుగా క్లోజ్ అయింది."

"క్లయింట్ ఖుష్ ఉంది. ఫైవ్ స్టార్ ఇచ్చింది. అమెరికాల రివ్యూయర్ పాస్ చేసిండు. ఇప్పుడు మనమే పోయి తప్పంటే ఎట్లుంటది?"

"ఎలా ఉంటుందని కాదు నేను అడిగేది. రాయి మీద చెక్కబోతున్నారు. ముప్పై ఒకటో పేజీ చదివావా?"

"చదివిన. కానీ రూల్ ఉంది ఆంటీ. క్లోజ్ అయిన కేసు క్లయింట్ అడిగితెనే ఓపెన్ చెయ్యాలె. ఆమె అడగలే."

"తప్పని తెలిస్తే కదా అడగడానికి."

అవతల కాసేపు కీబోర్డు టకటకలు. మళ్ళీ మాట్లాడినప్పుడు సాకేత్ గొంతు తగ్గింది. "ఇప్పటికే గాడిస్ వాళ్ళ వారసులను గూడ ఫంక్షన్‌కు పిలిచిందట ఆమె. అందరు చుట్టాలైపోయిన్రు. ఇంకోటి, డిసెంబర్ల మీ కాంట్రాక్ట్ రెన్యూవల్ ఉంది. ఇసొంటి టైంల రిమార్క్ పడితే నా చేతిల ఉండదు. మీ మంచికే చెప్తున్న. అసలు రివ్యూల చూసినప్పుడు నాకు గూడ కరెక్టే అనిపించింది ఆంటీ. మా అక్క మొదటి కాన్పుకు మా ఇంటికే వచ్చింది."

"మీ అక్క కెంటకీలో లేదు కదా నాయనా," అని హైమవతి గారు ఫోను కట్టేశారు.

కట్టేసి ఆ కుర్రవాణ్ణి తిట్టలేదు. వాడు మంచివాడే అన్నారు. ఆపరేషన్ రోజున ఆసుపత్రికి వచ్చి మూడు గంటలు కూర్చున్నాడట. మంచివాడు కావడంతో తిట్టడానికి కూడా పనికిరాకుండా పోయాడని వాపోయారు. ఆ తర్వాత పగిలిన రాయిని, పదకొండు పేజీలే చూపించే కంప్యూటర్‌ని, వీలునామాలో నలుగురు కూతుళ్ళ పేర్లు రాయడానికి ఒళ్ళొంగని గాడిస్‌ని, చివరికి ఐసు కరిగి తడిసిన దుప్పటిని కూడా వరసగా తిట్టారు. వైశాలికి పొద్దున్నే చెబితే, ఛోడో నా మమ్మీ, అని వదిలెయ్యమందట. ఆ అమ్మాయికి ఏది చెప్పినా మొదటి మాట ఛోడో నా.

రేవతికి ఊరికే తోచింది, అడిగేసింది. "మీ మొదటి కాన్పు రేపల్లెలోనేనా ఆంటీ?"

హైమవతి గారు కాలు మడవడం పూర్తిగా మానేసి దిండుకి ఆనుకున్నారు.

కాదట. ఎనభై ఎనిమిదిలో సరోజినీ నగర్ క్వార్టర్సులో ఉండేవారు. మార్చి మొదటివారంలో రేపల్లె వెళ్ళడానికి టికెట్టు తీసుకున్నారు. పార్లమెంటు సమావేశాలు, ఒక్క వారం ఆగమ్మా అన్నాడు సెక్షన్ ఆఫీసరు. టికెట్టు రద్దు చేసుకున్నారు. ఆ వారంలోనే నొప్పులు వచ్చాయి. భర్త ఆఫీసు పని మీద భోపాల్‌లో ఉన్నాడు. పై క్వార్టరులో ఒక పంజాబీ ఆవిడ ఉండేది. గోడ మీద దబదబా కొడితే దిగి వచ్చింది. ఆటో పిలిచింది, ఆసుపత్రికి తీసుకెళ్ళింది, బయట బల్ల మీద రాత్రంతా కూర్చుంది. రేపల్లె నుంచి తల్లి వచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ పిల్లకి నీళ్ళు పోసింది ఆవిడే, ఈవిడకి నేతిలో గోధుమపిండి వేయించి పంజీరీ చేసి తినిపించింది ఆవిడే. తల్లి వచ్చాక కూడా ఆవిడ రావడం మానలేదు. ఒకరి భాష ఒకరికి రాకుండానే ఇద్దరూ కలిసి ఈవిడని పథ్యం పేరుతో సతాయించారు.

"ఆవిడ పేరేంటి ఆంటీ?"

"బిల్లూ కీ మమ్మీ. బిల్లూ వాళ్ళమ్మ."

"అది కాదు, అసలు పేరు."

"అదేనమ్మా నేనూ పొద్దుటి నుంచి అడుక్కుంటున్నది. రెండేళ్ళు ఒకే మెట్లు ఎక్కి దిగాం. బిల్లూ కీ మమ్మీ అనే పిలిచాను. ఆవిడ నన్ను మద్రాసన్ అనేది, తర్వాత వైశాలీ కీ మమ్మీ అంది. తలుపు మీద వాళ్ళాయన పేరుండేది. బదిలీ మీద అంబాలానో చండీగఢో పోయారు. ఆ క్వార్టర్సు కూడా పడగొట్టేశారు. తబిత పందొమ్మిది రోజుల్లో పేరు అడిగింది, బిడ్డకి పెట్టుకుంది, డెబ్భై ఏడేళ్ళప్పుడు కోర్టులో నిలబడి కూడా మరిచిపోకుండా చెప్పింది. నేను చదువుకున్నదాన్ని. నా కూతురికి పేరు క్యాలెండరులో చూసి పెట్టాను."

రేవతి ఆవిడ పాదం దగ్గర దుప్పటి సర్దింది. ఏదైనా ఓదార్పు మాట అంటే ఆవిడకి మరింత విసుగొస్తుందని తెలుసు.

"ఇంత జరిగినదాన్ని, మళ్ళీ పుట్టిల్లని ఎలా రాశాను?" అని హైమవతి గారు గోడని అడిగారు. కాసేపటికి జవాబు కూడా ఆవిడే చెప్పారు. "నాకు వెళ్ళాలని ఉండేది కదమ్మా. నేను ఎటూ వెళ్ళలేకపోయాను. కనీసం తబితనయినా పంపించాను."

తర్వాత అలమర మీది రాసుకునే అట్ట తెమ్మన్నారు. అట్ట క్లిప్పు కింద ఒక కార్డూ, నాలుగు కాగితాలూ ఉన్నాయి. కార్డు డోరతీ పంపింది. నెల కిందట ఆఫీసు చిరునామాకి వస్తే సాకేతే తెచ్చిచ్చాడు. మీరు చేసిన పనికి కృతజ్ఞురాలిని, మీ గురించి రాస్తే సంతోషిస్తాను అని వణుకుతున్న అక్షరాలతో రాసి, కవరు వెనక తన చిరునామా వేసింది. కంపెనీ కంప్యూటర్ నుంచి ఏం పంపినా సాకేత్ దాటితేనే డోరతీకి చేరుతుంది. కానీ ఈ కార్డు వచ్చింది హైమవతి గారి పేరు మీద.

"వచ్చిన ఉత్తరానికి జవాబు రాయడం ఏ రూలు ప్రకారం నేరం?" అన్నారు. ఆ ప్రశ్న రేవతికి కాదు, నోయిడాకి.

జవాబు పొద్దున్నే రాశారు. మూడుసార్లు తిరగరాశారట. రేవతి చేతికిచ్చి చదవమన్నారు. ఇంగ్లీషు, గుండ్రటి అక్షరాలు, మీరు ఫలానా తేదీన రాసిన కార్డుకు సంబంధించి అంటూ ఆఫీసు ఉత్తరంలా మొదలవుతుంది. రేవతి నెమ్మదిగా కూడబలుక్కుంటూ చదివింది. శామ్యూల్ గాడిస్ తబిత తండ్రి అని నేను నిర్ధారించడం తప్పు. రికార్డులో తప్పు లేదు, తప్పు నాది. మా ప్రాంతంలో మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం. మీ అవ్వ కూడా అలాగే వెళ్ళిందని నేను ఆలోచించకుండా అనుకున్నాను. ఆ పేరా ఒకసారి కొట్టేసి ఉంది, మళ్ళీ పక్కన అంచు మీద అదే పేరా రాసి ఉంది. కింద ముప్పై ఒకటో పేజీలో ఉన్నదంతా మక్కీకి మక్కీ దించారు. తబిత తండ్రి ఎవరో నాకు తెలియలేదు. దయచేసి రాయి మీద ఆ చోటు ఖాళీగా ఉంచండి.

"ఖాళీ ఎందుకు ఆంటీ? ఆ పురుడు పోసినావిడ పేరు వేయమని రాయొచ్చు కదా."

"అది వాళ్ళవ్వ, వాళ్ళ రాయి. ఒకసారి సలహా చెప్పి చూశాను కదా, చాలు. తెలియని గడి ఖాళీగా వదలాలి. కాగితం మీదైతే తప్పు రాసి కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టొచ్చు. రాయి మీద ఎక్కడ పెడతావు?"

"సాకేత్‌కి తెలిస్తే?"

"తెలుస్తుంది. కాపీ వాడికి కూడా పంపుతున్నాను, మెయిల్లో. దొంగచాటుగా చేస్తే అది ఉత్తరం ఎలా అవుతుంది? డిసెంబరు సంగతి డిసెంబరులో చూసుకుంటాను."

మాట ధీమాగానే వచ్చింది గాని, ఆవిడ చెయ్యి మాత్రం బల్ల మీద మూసి ఉన్న లాప్‌టాప్ మూత మీదికి వెళ్ళి, దాన్ని ఒకసారి తుడిచి వెనక్కి వచ్చింది. రేవతి చూసింది. చూసినట్టు కనబడకుండా కాగితాలు మడత పెట్టింది.

కవరు మీద చిరునామా హైమవతి గారే రాశారు. కార్డు చూస్తూ ఒక్కో అక్షరం విడివిడిగా, పెద్దగా. జిగురు అంటించి, అరచేత్తో అదిమి, ఒకసారి వెలుతురుకి ఎత్తి చూసి రేవతికిచ్చారు. గోడ గడియారం పన్నెండుంపావు చూపిస్తోంది.

"పప్పు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు లే. మార్కెట్ వెనకాల పోస్టాఫీసు, ఒంటిగంటకి కౌంటరు మూసేస్తారు. ఈ-రిక్షా ఎక్కు, నడిచావంటే అయిపోయింది. అమెరికాకి స్పీడ్ పోస్టు అనగానే వాడు సిస్టమ్ పనిచెయ్యట్లేదు, రేపు రండి అంటాడు. ఠీక్ హై భయ్యా అని వెనక్కి తిరక్కు, నీకు ఆ అలవాటుంది. అక్కడే నిలబడు. వెనక లైను పెరిగితే వాడే చేస్తాడు. లోపల ఏముందంటే ఉత్తరం అని చెప్పు, పత్రాలు అనకు, ఇంకో ఫారం ఇస్తాడు. బరువు తూచి, స్టాంపు కొట్టి, సంచీలో పడేదాకా కళ్ళతో చూడు. రసీదు మీద డోరతీ గారి ఊరు సరిగ్గా పడిందో లేదో అక్కడే చదువు, ఇంటికొచ్చి చదివితే లాభం లేదు. తప్పు పడితే మళ్ళీ కొట్టించు. వాడు ఎంత విసుక్కున్నా సరే, రసీదు లేకుండా మాత్రం నా ఇంటి మెట్లెక్కకు."